షాపు అద్దంలో స్కేవాకి

కెమెరా గోడకు తగిలి రెండు చెక్కలైంది. వెనక తలుపు ఊడిపోయి, లోపలున్న ఫిల్ము మెలికలు తిరుగుతూ గచ్చు మీదికి జారింది. వెలుతురు తగిలాక అందులో ఏముందో ఇక దేవుడికి కూడా తెలియదు.

"తియ్యవే! ఇప్పుడు తియ్యి ఫోటోలు, చూస్తాను!" అన్నాడు సకెల్లారిస్ రొప్పుతూ.

సెవస్తీ కెమెరా వంక చూడలేదు. మొగుడి కాళ్ళ వంక చూసింది. ఆ కాళ్ళు మంచం పక్కనున్న రేకుపెట్టె వైపు తిరిగాయో లేదో, ఒక్క దూకున వెళ్ళి పెట్టె మీద కూర్చుంది.

"లే."

"లేవను."

"మర్యాదగా లెమ్మంటున్నా."

"ఇది మా అమ్మ నాకిచ్చిన ఇల్లు. నా ఇంట్లో నన్ను లెమ్మనడానికి నువ్వెవడివి?"

ఆ దీవిలో ఇల్లు ఆడపిల్లది. తల్లి నుంచి పెద్ద కూతురికి వస్తుంది. మగవాడు బట్టల మూట చంకన పెట్టుకుని పెళ్ళాం గడప తొక్కాల్సిందే. ఇల్లరికం అక్కడ ఎవరికీ నామోషీ కాదు, తాతల నాటి నుంచీ అందరూ ఇల్లరికం వాళ్ళే. కానీ పోట్లాటలో ఆ మాట ఎత్తితే మాత్రం ఎంతటి మగాడికైనా వాత పెట్టినట్టే ఉంటుంది.

సకెల్లారిస్ చెయ్యి లేచింది. చెంప ఛెళ్ళుమంది. సెవస్తీకి కళ్ళు బైర్లు కమ్మాయి గానీ పెట్టె మీంచి కదల్లేదు. చేతికందిన చిన్న ఇత్తడి రోకలి తీసి విసిరింది. గురి తప్పలేదు. అతని కనుబొమ మీద తోలు చీలి నెత్తురు కారింది.

గుమ్మంలో చతికిలబడి ఉన్న అత్త థెమెలీనా గుండెలు బాదుకుంది. "చంపేసిందిరోయ్! పొద్దున మామని పోలీసుల పాల్జేసింది, ఇప్పుడు మొగుణ్ణి వల్లకాటికి పంపుతోంది! ఓ అమ్మల్లారా, వచ్చి చూడండే ఈ మహాతల్లిని!"

అమ్మలందరూ ముందే వచ్చి ఉన్నారు. కిటికీ దగ్గర చోటే లేదు. రేపు ఈస్టర్ పెట్టుకుని, రొట్టెలు పొయ్యిలో మాడుతున్నా ఒక్కతె కూడా కదలడం లేదు.

"ఏం చేశానని అత్తా? నేనేమైనా స్టేషనుకెళ్ళి చెప్పొచ్చానా?"

"నువ్వెందుకెళతావ్? నీ ఫోటో వెళ్ళింది చాలదూ!"

చాలింది మరి. పొద్దున్నే పోలీసులు పడవల కొట్టం మీద పడ్డారు. సెవస్తీ మామ, ముసలి స్కేవోస్‌ని చేతులు వెనక్కి విరిచి లాక్కెళ్ళారు. డైనమైట్ పెట్టెలు బండికెక్కించారు. ఈస్టర్ పండక్కి కొండల మీంచి డైనమైట్ తూటాలు పేల్చడం ఆ దీవి వాళ్ళకి ప్రాణం. ఏ ఇంట్లో ఎంత దాచారో అందరికీ తెలుసు. ఎవరూ ఎవర్నీ పట్టివ్వరు. ఈసారి పట్టిచ్చింది ఫోటో షాపు అద్దం.

ఆ షాపు పాండెలిస్‌కి ఒక అలవాటు. కడగడానికొచ్చిన ఫిల్ముల్లోంచి తనకు ముద్దొచ్చిన పిల్లాడి ఫోటో ఒకటి ఏరి, పెద్దది చేసి, బజారు వైపు అద్దంలో పెడతాడు. ఎవరినీ అడగడు. అడగడమెందుకు, అద్దంలోకెక్కడం ఎంత గౌరవం! తల్లులు చీటికీ మాటికీ ఆ వీధినే పోతుంటారు, తమ వాడి వంతు వచ్చిందేమోనని. పండగ వారానికి సెవస్తీ కొడుకు స్కేవాకి వంతు వచ్చింది. ఐదేళ్ళ వాడు తాత కొట్టంలో చెక్కపెట్టె మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. మూతికి ఆలివ్ నూనె. వెనక గోడవారన తాత, తాత చుట్టూ పెట్టెలు. ఎక్కడో లారిస్సా పట్నం నుంచి కొత్తగా వచ్చిన సార్జెంటు నువ్వుల రొట్టె తింటూ అద్దం ముందు ఆగాడట. రొట్టె అయిపోయేదాకా చూశాడట.

"నా కొడుకుని తీశాను. అంతే!" అంది సెవస్తీ.

"ఎవరికి లేరే కొడుకులు?" థెమెలీనా చేతులు తిప్పింది. "మాకు లేరూ? ఏడాదికోసారి శుభ్రంగా బట్టలేసి, తల దువ్వి, స్టూడియోలో నిలబెడితే ఒక ఫోటో. చాలదూ! వాడు ముక్కు చీదితే ఫోటో, వాడు దొడ్డికి కూర్చుంటే ఫోటో, వాడు పప్పు పారబోస్తే ఫోటో!"

"మునకలేసే పనిలో మా నాన్న సముద్రంలో పోతే మాకు మిగిలింది డైవరు కార్డు మీద అంటించిన ముఖం ఒక్కటే. ఆయన ఎలా తినేవాడో ఎలా నవ్వేవాడో నాకు తెలీదు. నా కొడుక్కి ఆ గతి పట్టనివ్వను."

"నీ కొడుకు గతి బాగానే ఉంది. ఊరి గతి చూడు," అన్నాడు సకెల్లారిస్. నెత్తురు తుడుచుకున్నాడు. ఈసారి గొంతు తగ్గించాడు. గొంతు తగ్గిస్తేనే అతనికి భయపడాలని సెవస్తీకి తెలుసు. "ఆ పెట్టెలో ఐదేళ్ళ ఫోటోలున్నాయి. ప్రతి దాంట్లో వీడి వెనక ఎవడో ఒకడు ఉంటాడు. మా చిన్నాన్న, పేలుడు మందు తెచ్చే పడవవాడు, నీ మేనమామ కూడా. ఆ సార్జెంటు ఈపూటే ఇక్కడికొస్తాడు. ఈలోపల అదంతా పొయ్యిలో ఉండాలి."

"వెనకవాళ్ళని కత్తిరించేస్తాను. నా కొడుకు ముఖం ఒక్కటీ ఉంచుకుంటాను."

"నెగెటివ్‌లు కూడా కత్తిరిస్తావా?"

సెవస్తీ పెట్టె అంచుల్ని రెండు చేతులా పట్టుకుంది.

"దాన్ని అడుగుతావేంట్రా, లాగి పారెయ్యక!" అంటూ థెమెలీనా లేచి కోడలి జుట్టు పట్టుకుంది. సెవస్తీ ఆమె మణికట్టు కొరికింది. ముసలిది కెవ్వుమంది. సకెల్లారిస్ పెళ్ళాం భుజాలు పట్టి పక్కకి తోశాడు. ఆమె పెట్టెను వాటేసుకునే పడింది. బల్ల తగిలి ఎర్ర రంగేసిన కోడిగుడ్ల గిన్నె బోర్లాపడింది. పండగ గుడ్లు ఇల్లంతా దొర్లి, వాళ్ళ కాళ్ళ కింద చితికాయి.

"చూడు!" థెమెలీనా నల్లకొంగు చాటునుంచి చుట్టిన కాగితం ఒకటి తీసి, కోడలి ముఖం మీద కొట్టింది. "అద్దం పగలగొట్టి తెచ్చాను. నీ కళ్ళారా చూసుకో, నా కొంప ఎలా కూల్చావో!"

షాపులో పెట్టిన పెద్ద ఫోటో అది. సెవస్తీ దాన్ని ఇంతవరకూ చూడలేదు. పాండెలిస్ ఆమెకెప్పుడూ ఒకే కాగితం మీద రీలంతా చిన్నచిన్న బొమ్మలుగా వేసి ఇచ్చేవాడు, ఒక్కోటీ పోస్టు బిళ్ళంత. వాటిని ఆమె విడివిడిగా కత్తిరించి దాచుకునేది. పెద్దవి చేయించుకునే స్తోమతు ఆమెకు లేదు. ఆ చిన్న బొమ్మల్లో ఆమె ఎప్పుడూ వెతుక్కునేది ముఖమే. ఇప్పుడు ముఖం అరచేయంత ఉంది. చేతులూ కనిపిస్తున్నాయి.

"ఇదేంటి?"

ఫోటో మీద వేలు పెట్టింది.

"వాడి చేతిలో. ఏంటిది?"

"కాగితం," అంది అత్త. "గాలిపటానికి."

మామ కూడా అదే చెప్పాడు ఆ రోజు. గాలిపటానికి కాగితం చుడుతున్నాడమ్మా, తియ్యి ఫోటో, అన్నాడు. సెవస్తీ నవ్వుకుంటూ తీసింది.

"కాగితం చివర వత్తి ఎందుకుంది?"

కిటికీ దగ్గర ఆడవాళ్ళు మెడలు చాచారు. సకెల్లారిస్ తల దించుకుని చితికిన గుడ్డు పెంకుని బొటనవేలితో నలుపుతున్నాడు.

"నిన్నే అడుగుతున్నా."

"చిన్న వేళ్ళు," అన్నాడు చివరికి. "తూటాలో వత్తి బాగా పడుతుంది. నేనూ ఆ వయసులోనే మొదలెట్టాను."

"ఎవరు నేర్పారు వాడికి?"

"మా నాన్న నాకు నేర్పాడు..."

"వాడికి ఎవరు నేర్పారని అడిగాను!"

"నేనే."

కొడుకు బాప్టిజం రోజున దేవుని తల్లి పనగియా పటం మీద చెయ్యేసి ఒట్టేసిన మనిషి అతను. పద్దెనిమిదేళ్ళు నిండేదాకా నా కొడుకు ఒంటికి మందు వాసన తగలనివ్వను, అని. ఆ ఒట్టు మీదే సెవస్తీ ఇన్నాళ్ళూ గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోయింది. ఇప్పుడు అరవలేదు, ఏడవలేదు. లేచి వెళ్ళి రెండు పిడికిళ్ళతో అతని ఛాతీ మీద, ముఖం మీద, పగిలిన కనుబొమ మీద కొట్టింది. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు. అదీ ఆమెకు అసహ్యమేసింది.

కొట్టి కొట్టి ఆగి, ఊపిరి తీసుకుని, "వాడేడీ?" అంది.

"మీ అమ్మ దగ్గర లేడూ?" అన్నట్టు చూసింది అతని వంక. అతను తల్లి వంక చూశాడు.

"నేనొచ్చేటప్పుడు నా వెంటే బయలుదేరాడు. ఇక్కడికే వచ్చాడనుకున్నా," అంది థెమెలీనా. ఆమె ముఖంలో రంగు మారింది. "తాత లేకపోతే పండగెలా అని ఒకటే ఏడుపు. ఊరుకో నాన్నా, పోలీసులకి అన్నీ దొరకలేదులే అన్నాను. సున్నపు బట్టీలో ఇంకా ఉన్నాయిలే అని..."

ఆ మాట ముగిసేలోగా ఇద్దరూ గడప దాటారు.

ఊరి వెనక కొండ ఎక్కడానికి గొర్రెల దారి ఒకటుంది. సెవస్తీ చెప్పులు ఎక్కడ ఊడాయో తెలియలేదు. ముళ్ళపొదలు పిక్కల్ని చీరేస్తున్నాయి. సకెల్లారిస్ ముందు పరిగెడుతూ మధ్యమధ్య "స్కేవాకీ! ఒరేయ్!" అని అరుస్తున్నాడు. కన్నీళ్ళో నెత్తురో అతనికి దారి కనబడక రెండుసార్లు పడ్డాడు.

పాడుబడ్డ సున్నపు బట్టీ లోయ అంచున ఉంది. దాని పక్కన కూలిన గోడకి అవతల నిలబడి ఉన్నాడు స్కేవాకి. నాలుక కొస బయటపెట్టి, ఎంతో శ్రద్ధగా, తాత లైటరుతో వత్తి ముట్టిస్తున్నాడు. వీళ్ళు చూసేసరికి అది అంటుకుంది.

"విసిరెయ్!" సకెల్లారిస్ గొంతు చిరిగిపోయింది. "లోయలోకి విసిరెయ్రా నాన్నా!"

వాడు చెయ్యి ఎత్తాడు. అప్పుడే తల తిప్పి తల్లిని చూశాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది.

పుట్టిన దగ్గర్నుంచీ వాడికి ఒంటబట్టిన అలవాటది. అమ్మ ఎదురుగా వచ్చి నిలబడితే ఉన్నవాడు ఉన్నట్టే ఉండాలి. చెంచా నోటి దగ్గరుంటే నోటి దగ్గరే, కాలు గాల్లో ఉంటే గాల్లోనే. టక్కుమనేదాకా కదలకూడదు. ఆమె కొట్టి నేర్పలేదు, ముద్దులు పెట్టి నేర్పింది. మా వాడంత బుద్ధిగా ఎవరూ నిలబడరని బజారంతా చెప్పుకుంది. ఇప్పుడూ వాడు బుద్ధిగానే నిలబడ్డాడు. గడ్డం పైకెత్తి, ఆమె కళ్ళలోకి చూస్తూ, వెలుగుతున్న తూటాని తల పక్కన పట్టుకుని.

సకెల్లారిస్ గోడ రాళ్ళ మీద పాకుతున్నాడు. రాళ్ళు జారుతున్నాయి. అతను అందుకోలేడు.

సెవస్తీ ఉన్నచోటే ఆగింది. ఆగడమంత కష్టమైన పని ఆమె బతుకులో ఎన్నడూ చెయ్యలేదు. రెండు చేతులూ కంటి దగ్గరికి తెచ్చింది. కెమెరా లేని చేతులు. నాలుకని అంగిట్లో పెట్టి గట్టిగా టక్కుమనిపించింది.

"అయిపోయింది నాన్నా! ఇక విసిరెయ్!"

వాడు నవ్వాడు. విసిరాడు.

కొండ ఊగింది. లోయలోంచి మట్టీ రాళ్ళూ ఎగిసి వానలా పడ్డాయి. సెవస్తీ పడుతూ లేస్తూ గోడ దాటి వాడి మీద బోర్లా పడింది. ఒక రాయి ఆమె వీపు మీద, ఒకటి వాడి నుదుటి మీద తగిలాయి. వాడి వేళ్ళు తడిమింది. అన్నీ ఉన్నాయి. కళ్ళు తడిమింది. ఉన్నాయి.

"అమ్మా, చెవిలో ఈగ దూరింది," అన్నాడు వాడు గట్టిగా.

పండగ ముందే మొదలైందనుకుని ఎదురు కొండ మీంచి ఎవరో జవాబు పేల్చారు. ఆ పైన ఇంకెవరో. దీవి దీవంతా దద్దరిల్లడం మొదలెట్టింది. సకెల్లారిస్ రాళ్ళ మధ్య మోకాళ్ళ మీద కూలబడి వాంతి చేసుకుంటున్నాడు.

"సెవస్తీ," అన్నాడు తేరుకుని. "తప్పయిపోయింది. ఇంకెప్పుడూ..."

ఆమె వాడిని అతని చేతుల్లో పెట్టింది. "మొయ్యి," అంది. తనే ముందు కొండ దిగింది.

ఇంటికొచ్చేసరికి పెరటి పొయ్యి భగభగా మండుతోంది. పండగ మాంసం కుండ దింపి పక్కన పెట్టేసి, థెమెలీనా రేకుపెట్టెను పొయ్యి నోటి దాకా ఈడ్చుకొచ్చింది. గుప్పెళ్ళతో ఫోటోలు లోపలికి తోస్తోంది. మనవణ్ణి కొడుకు భుజాన చూడగానే "బతికాడా నా తండ్రి!" అని భోరుమంది. అంటూనే ఇంకో గుప్పెడు తోసింది.

సెవస్తీ అత్తను భుజం పట్టి గుంజి పారేసింది. ముసలిది కట్టెల మీద పడింది. సెవస్తీ మోచేతి దాకా పొయ్యిలో పెట్టి, అంటుకున్న కాగితాలు లాగి, తడి గోనె మీద వేసి తొక్కింది. తోలు కాలిన కమురు వాసన వేసింది. మొదటి ఏడాది ఫోటోలన్నీ బూడిదైపోయాయి. మిగతావి పెట్టెలో కుక్కి, మూత వేసి, కాలిన చేత్తోనే ఎత్తి నడుం మీద పెట్టుకుంది.

"ఉంచుకోవే, ఉంచుకో!" అన్నాడు సకెల్లారిస్. "ఎవరూ కాల్చరు. సార్జెంటొస్తే కాళ్ళు పట్టుకుంటాను. నీ ఇష్టం వచ్చినచోట దాచుకో."

"దాచుకోవడానికి కాదు."

అతనికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. థెమెలీనాకు ముందే అర్థమైంది. పాక్కుంటూ వెళ్ళి వీధి గుమ్మానికి అడ్డంగా పడుకుంది.

"నన్ను దాటి వెళ్ళవే, దమ్ముంటే! నా మొగుడు, నా కొడుకు, నా మరిది, అందరూ ఉన్నారు ఆ పెట్టెలో! పొద్దున నువ్వు పట్టిచ్చావంటే కాదని ఏడ్చావు కదే!"

"పొద్దున పట్టివ్వలేదు అత్తా," అంది సెవస్తీ. "ఇప్పుడు పట్టిస్తున్నా." చీలమండ పట్టుకోబోయిన చేతిని తన్ని, ముసలిదాన్ని దాటి వీధిలో పడింది.

కిటికీ దగ్గరి ఆడవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. ఒకతె ఉమ్మేసింది. ఒక రాయి వచ్చి పెట్టెకి తగిలి ఖంగుమంది. రెండోది ఆమె మెడకి తగిలింది. ఆమె నడక ఆపలేదు. వెనకాల పిల్లాణ్ణి భుజాన ఎక్కించుకుని సకెల్లారిస్ వస్తున్నాడు. ఆపడానికొస్తున్నాడో, తోడొస్తున్నాడో అతనికే తెలిసినట్టు లేదు.

స్టేషనులో సార్జెంటు ఆమె చెయ్యి చూసి ముందు నీళ్ళు తెప్పించాడు. తరవాత పెట్టె తెరిచాడు. ఒక్కో ఫోటో కిటికీ వెలుతుర్లో పెట్టి, భూతద్దంతో నింపాదిగా చూశాడు. పిల్లాడు స్నానం చేస్తున్నాడు. పిల్లాడు పడవ కింద నిద్రపోతున్నాడు. పిల్లాడు ఏడుస్తున్నాడు.

"ఒకటి చెబుతా వినమ్మా. కేసు తేలేదాకా ఇవి రోడ్స్ దీవి కోర్టులో ఉంటాయి. ఎన్నేళ్ళు పడుతుందో నేను చెప్పలేను. తిరిగొస్తాయనీ చెప్పలేను. ఆలోచించుకో."

బల్ల మీద వాడు నవ్వుతున్న ఫోటో ఒకటి ఉంది. దాని మీదికి వెళ్ళబోయిన చేతిని సెవస్తీ వెనక్కి తీసుకుంది.

"ఆలోచించుకున్నాను."

"సరే. అయితే ఇది చూడు." సార్జెంటు ఒక ఫోటో మీద భూతద్దం పట్టి ముందుకు జరిపాడు. పిల్లాడి చిన్న వేళ్ళ మీద ఒక మగవాడి చెయ్యి, వత్తిని పట్టించి చూపిస్తోంది. ఆమె ఎప్పుడూ కొడుకు ముఖానికే గురిపెట్టేది. పక్కవాళ్ళ తలలన్నీ తెగిపోయేవి. "ఈ చేతికి తల లేదు. ఎవరిది? పేరు చెబితే రాస్తాను. చెప్పకపోతే అంతా లోపలున్న ముసలాయన నెత్తి మీదికే పోతుంది."

ఆమె వెనకే, బల్ల పక్కన సకెల్లారిస్ నిలబడి ఉన్నాడు. కనుబొమ మీద నెత్తురు ఎండి నల్లబడింది. ఏడేళ్ళు కాపురం చేసిన మనిషి. పిల్లాడి రెండు కాళ్ళూ ఛాతీకి అదిమి పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. ఇంటి నుంచి పెట్టె ఎత్తుకుని, రాళ్ళదెబ్బలు తిని, ఇంత దూరం వచ్చిన సెవస్తీ అక్కడ తడబడింది. మామకు ఎలాగూ వయసైపోయింది. ఎలాగూ పట్టుబడ్డాడు. ఒక్క మాట. మామయ్యదేనండీ అంటే చాలు. అనడానికే నోరు తెరిచింది.

"నాన్నది!" అన్నాడు స్కేవాకి తండ్రి భుజం మీంచి. చెవి సరిగ్గా వినపడక ఊరంతా వినేలా అరిచాడు. వేలు పెట్టి చూపిస్తూ గర్వంగా నవ్వాడు. "అది మా నాన్న చెయ్యి! నాకు నేర్పుతున్నాడు!"

సార్జెంటు భూతద్దం కింద పెట్టాడు. తల్లి వంకా తండ్రి వంకా చూడనేలేదు. పక్కనున్న కుర్చీ లాగి, దాని మీద దుమ్ము చేత్తో తుడిచాడు.

"అలాగా! నీకు అందరూ తెలుసే. ఇలా వచ్చి కూర్చో బాబూ," అన్నాడు పెట్టెలోంచి ఇంకో ఫోటో తీస్తూ. "ఈ వెనకాయన ఎవరో చెప్పు చూద్దాం."